ఖుబానీకి బదులు జామపండ్లు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నేను సర్కారు బడిలో టీచర్ని కాబట్టి నేనూ సమ్మెలోనే ఉన్నాను. పొద్దున్నే బస్సు వెంట పరుగెత్తే పని తప్పడంతో ఎక్కడలేని హుషారు వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తారని తెలియగానే, మా గల్లీ తరఫున మీఠా నేనే చేస్తానని అందరి ముందూ ఒప్పేసుకున్నాను. పెద్ద గంజు నిండా చిక్కటి పాయసం, దాని మీద చక్కెరలో ఉడికించిన ఖుబానీ, అంటే ఎండు ఆప్రికాట్ పండ్లు.

పాలూ బియ్యమూ దొరికాయి. ఖుబానీ దొరకలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలన్నీ బంద్. ఒకచోట షట్టర్ సగం ఎత్తి ఉంటే ఆశగా వంగి చూశాను. లోపల యజమాని చాప పరుచుకుని నిద్రపోతున్నాడు. లేపి అడిగితే, ఖుబానీ అయిపోయి వారమైందని చెప్పి మళ్లీ పడుకున్నాడు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమెది పోచంపల్లి వైపు నేతవాళ్ల కుటుంబం, పెళ్లికి ముందు నూలుకు రంగులద్దిన చెయ్యి. పరేషాన్ కాకుండా, పక్కింటి గోడ మీంచి మా వైపు వాలిన జామచెట్టును చూపించింది.

నాకు మొహమాటంగా అనిపించింది. పక్కింటి పిన్నిగారిది గోదావరి వైపు. ఏళ్ల తరబడి కూరలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం గానీ, ఉద్యమం మాట వస్తే మాత్రం ఇరువైపులా చప్పున టాపిక్ మార్చేవాళ్లం. అత్తమ్మ అదేమీ పట్టించుకోకుండా గోడ దగ్గరికి వెళ్లి, రోడ్డు మీద వంటకని దాచకుండా చెప్పి మరీ పండ్లు అడిగింది.

పిన్నిగారు తలెత్తి చెట్టు వైపు చూసింది. తర్వాత, “ఉద్యమం మీది అక్కయ్యగారూ, చెట్టు నాది. నా పళ్లు నేనే కోసుకొస్తాను” అంది.

బకెట్ నిండా పండ్లతో, తన సొంత కత్తిపీటతో వచ్చింది. లోపల ఎర్ర గుజ్జుండే రకం. ముక్కలు ఉడికించి, అత్తమ్మ పాత చీర ముక్కలో వడకడితే గింజలు పోయాయి. గుజ్జులో చక్కెర వేసి పొయ్యి మీద పెట్టాం. అది చిక్కబడుతూ చిటపటలాడి మా ముగ్గురి చేతుల మీదా చిందింది. నేనేమో ఖుబానీలా గోధుమరంగు రావాలని ఆశపడ్డాను. అది రానురాను గులాబీ రంగుకు తిరిగింది. చక్కెర మాడ్చి కలిపితే గోధుమరంగు వస్తుందని పిన్నిగారు సలహా ఇచ్చింది. అత్తమ్మ ఒప్పుకోలేదు. నిమ్మకాయ పిండి, గరిటె ఎత్తి వెలుతురులో చూసి, “రంగు మంచిగ పట్టింది. ముట్టుకోకుండ్రి” అంది.

తన పండ్లు ఏమవుతాయో చూడాలని పిన్నిగారూ మాతో బయలుదేరింది. చౌరస్తాలో మూత తీశాం. తెల్లటి పాయసం మీద గులాబీ పొర. పక్కనే మైకు పట్టుకున్న పెద్దమనిషి గంజులోకి చూశాడు, పైన ఊగుతున్న గులాబీ జెండాల్ని చూశాడు. “చూసిండ్రా, మన అక్కలు మీఠాకు గూడ జెండా రంగేసిండ్రు” అని మైకులో చెప్పేశాడు.

ఈలలు మోగాయి. నిజం చెబుదామని నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ నా నడుం గిచ్చింది. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకోలేక కిందామీదా అయిపోతోంది. రంగు ఎక్కడ కొన్నారని ఒకామె అడిగితే అత్తమ్మ తాపీగా చెప్పింది.

“కొనలే బిడ్డా. చెట్టుకే ఉన్నది.”

అన్నం వార్చకముందే మా గంజు ఖాళీ అయింది. జనం మీఠాతోనే భోజనం మొదలుపెట్టారు. పిన్నిగారు డివైడర్ మీద కూర్చుని రెండుసార్లు తిని, యాలకులు తక్కువయ్యాయంది.

తిరుగు దారిలో ఒక్క బండీ లేదు. మామూలు రోజుల్లో దాటడానికే భయపడే హైవే మధ్యన ముగ్గురం చేతులూపుకుంటూ నడిచాం. అత్తమ్మ ఉన్నట్టుండి “జై తెలంగాణ” అని అరిచింది. నేనూ అరిచాను. పిన్నిగారు అనలేదు. చంకనున్న ఖాళీ గంజును గరిటెతో వాయిస్తూ, మా గొంతులకు సరిగ్గా తాళం వేసింది.