లోలకానికి కాడ కొలిచిన పిల్ల

మా అక్క కూతురిని ఇంట్లో అందరూ ఆకుల డాక్టరు అంటారు. కాలేజీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదువుతోంది. ఆకు అంచు చూసి మొక్క పేరు చెప్పేస్తుంది. అలాంటి పిల్ల మొదటి ఏడాది ఫిజిక్స్ ప్రాక్టికల్ రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు.

ఫిజిక్స్ మాస్టారు గొప్ప మాటకారి. విశ్వం గురించి గంటసేపు దంచుతాడు. లోలకం దారానికి ముడి మాత్రం అటెండరు వేయాలి. ఆయన ల్యాబులో ప్రయోగమంటే ఒకటే పద్ధతి. గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై రావాలి కనుక ముందు అది రాసేసుకుని, వెనక్కి లెక్కకట్టి, లోలకం ఎన్ని సెకన్లు ఊగిందో తేలుస్తారు. స్టాప్‌వాచీ ఎవరూ ముట్టుకోరు. పై తరగతి వాళ్ల రికార్డులోంచి కొట్టివేతలతో సహా ఎక్కించుకున్న ఘనులూ ఉన్నారు.

మా వెర్రిబాగుల్ది నిజంగానే ఊపి చూసింది. తొమ్మిది వందల నలభై వచ్చింది.

"ఏమ్మా, భూమి నీ ఒక్కదాని మీదే అలిగిందా? ఎనభై వేసెయ్, పీడా పోతుంది," అన్నాడట మాస్టారు.

మర్నాడు దారం, గుండు పట్టుకుని, నేను తూకం యంత్రాలు బాగుచేసే కొట్టుకి వచ్చింది.

"ఎన్నిసార్లు ఊపినా నలభయ్యే మామయ్యా! నా చెయ్యే మంచిది కాదేమో."

"చెయ్యి సంగతి తర్వాత. పొడుగు ఎక్కడిదాకా కొలిచావు?"

"ముడి దాకా. కాడని కొలిస్తే ఆకు మొదలయ్యే దాకానేగా కొలుస్తాం?"

"ఓహో! మరి ఇక్కడ ఊగేది కాడా, ఆకా?"

గుండుని అరచేతిలో ఆడించి చూసుకుంది. "అయ్యో, బరువంతా దీని నడుమ ఉంటే నేను ముడి దగ్గరే ఆగిపోయానా!" అని నా బల్ల మీది స్కేలు లాక్కుంది. కొక్కెం, సగం గుండు కలిపి రెండున్నర సెంటీమీటర్లు. అరవై సెంటీమీటర్ల దారానికి అంత లోటు! కలిపి లెక్కేస్తే తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది.

పరీక్షకి వేరే కాలేజీ నుంచి ఒకావిడ వచ్చింది. జవాబులు చూడలేదు, చిత్తుకాగితాలు అడిగింది. ఎనభైల బృందం దగ్గర కాగితాలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. వాచీ ఆడించి చూపించమంటే ఒక మొనగాడు బొత్తాం కోసం దాని వెనకవైపు వెతికాడట. మా పిల్లకి ఆ రోజు తొమ్మిది వందల డెబ్బై నాలుగే వచ్చింది. చిత్తంతా కొట్టివేతలే, కానీ సొంతవి. ఆ వరుసలో గట్టెక్కింది తనొక్కతే.

వారం తిరక్కుండా మాస్టారు పిలిచాడు. "నీ రికార్డు ఇచ్చిపో తల్లీ, కిందివాళ్లు ఎక్కించుకుంటారు."

"రికార్డెందుకు సార్, దారం ఇస్తాను. ఊపుకోమనండి."

పిల్లకి పొగరెక్కిందని ఆయన క్లాసులో అరగంట ప్రసంగించాడట. ఆ దారానికి ముడి మళ్లీ అటెండరే వేశాడు.