సారలమ్మ గుర్తుపట్టిన గురువు

కాశిబుగ్గలో పసిపిల్లలకు నీళ్ళు పోసే సారలమ్మకు ఒక గొప్ప విద్య ఉంది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాయగానే, ఆ ఇంట్లో పోయిన పెద్దల్లో ఎవరు మళ్ళీ పుట్టారో చెప్పేస్తుంది. మా మనవడిని చూసి మా నాయనే అంది. అప్పటినుంచి వాడి మీద నాకు చెయ్యి లేవదు. వాడు మాత్రం నన్ను కొడుతూనే ఉంటాడు.

చలికాలం స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెట్ పేమా ఏటా సారలమ్మ ఇంట్లోనే అద్దెకు దిగుతుంది. ఈసారి దిగులుగా వచ్చింది.

"మా గురువు పోయిండ్రు అవ్వా. మళ్ళ పుడతరు. కానీ టిబెట్‌ల సర్కారు ముద్ర ఎయ్యకుంటే ఏ పిల్లగాన్నీ ఆయనే మళ్ళ పుట్టిండని అనొద్దట. వాళ్ళకు నచ్చిన పిల్లగాన్నే గురువు గద్దె మీద కూసోబెడతరు. అసలు గురువు మాకు దొరకరేమో."

సారలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఈ సర్కార్లకు మోరీలు సాఫ్ చేసుడు రాదు గని, పుట్టేటోళ్ళకు పర్మిషన్లా? ఫికర్ చెయ్యకు బిడ్డా. జర ఆయన గుర్తేందో చెప్పు."

"నవ్వే ముందు తుమ్ముతుండె."

ఆ వారమే సారలమ్మ పక్కింటి పద్మలత కూతురికి నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ పట్టగానే పాప తుమ్మి, బోసినోటితో నవ్వింది.

"పేమా, ఉరికి రా! మీ గురువు ఆడపిల్ల ఏషంల వచ్చిండు. ఇగ ఏ ఆఫీసరూ పట్టలేడు!"

సాంబ్రాణి పొగకు ఏ పాపైనా తుమ్ముతుందని పేమాకూ తెలుసు. అయినా మూటలోంచి అన్నిటికన్నా చిన్న ఎర్ర టోపీ తీసి, రెండు చేతులతో పాప తలకు పెట్టింది.

"పైలం గురూజీ," అంది చెవిలో. "ఎవ్వరికీ చెప్పకుండ్రి."