మడమ దగ్గర కోసిన బూటు

జపాన్ నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్ తన బూట్లు నా చేతికి ఇవ్వనన్న రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. ఒమన్ తీరంలో, షినాస్‌లో, మా ఫుట్‌బాల్ క్లబ్ కిట్ రూమ్ నాది. జెర్సీలు ఉతకడం, ఆ సముద్రపు చెమ్మలో వాటిని ఎలాగోలా ఆరబెట్టడం, పాతికమంది బూట్లు తుడిచి వరసగా పెట్టడం నా డ్యూటీ. ఈయనొక్కడు మాత్రం ప్రాక్టీసు అయ్యాక గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, బ్రష్షూ గుడ్డా ముందేసుకుని, తన బూట్లు తానే తుడుచుకునేవాడు. నేను చెయ్యి చాపితే తల వంచి, "నా పని, భయ్యా" అనేవాడు. ఏం, నా చేతులకేమొచ్చింది? రావులపాలెంలో మా నాన్న చెప్పులు కుట్టి మమ్మల్ని పెంచాడు. పదేళ్ళకే తోలు కోయడం నేర్చినవాణ్ణి. ఈ మాట ఆయన ముందు అనేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో.

భయ్యా అనడం ఆయన మన దేశంలో ఒక సీజన్ ఆడినప్పుడు నేర్చుకున్నాడట. వచ్చీరాని హిందీ, వచ్చీరాని ఇంగ్లీషు కలిపి ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. ఆయన ఊరు మంచు ఊరు. చిన్నప్పుడు ప్రాక్టీసుకు ముందు పిల్లలంతా పారలతో గ్రౌండ్ మీద మంచు ఎత్తిపోసేవాళ్ళట. ఎవరి బూట్లు వాళ్ళే తుడుచుకోవాలని అక్కడి కోచ్ నేర్పిన అలవాటే ఇది. పద్దెనిమిదేళ్ళకి ఆ ఊరి క్లబ్బులోనే ఆట మొదలు. తర్వాత పెద్ద క్లబ్బు పిలిచింది గానీ, అక్కడ రెండేళ్ళు బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఆ తర్వాత థాయ్‌లాండ్, మలేషియా, మన దేశం, చివరికి ఒమన్. నేను చూసేనాటికి ముప్పై అయిదు దాటాయి. నేనాయన్ని కెప్టెన్ అనేవాణ్ణి. ఆ పదవి ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, నేనిచ్చాను.

ఆయన ఆట చూస్తే మొదట్లో ఏమీ అర్థం కాదు. పెద్దగా పరిగెత్తడు. బంతి రాకముందే మెడ తిప్పి రెండుసార్లు వెనక్కి చూస్తాడు. వెనక ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకోకుండా ఒక్క బంతి కూడా తీసుకోగా నేను చూడలేదు. అందుకే పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా ఆయన్ని వెనక నుంచి పట్టుకోలేకపోయేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఒకరోజు ముఖం వెలిగిపోతూ ఫోన్ చూపించాడు. ఆయన ఆట మొదలుపెట్టిన ఆ మంచు ఊరి క్లబ్ ఆయన్ని ఆఖరి సీజన్‌కు పిలిచింది. ఒకటే షరతు. ఇక్కడ సీజన్ పూర్తిచేసి, ఒంట్లో ఏ దెబ్బా లేదని క్లబ్ రిపోర్టు తీసుకుని రావాలి.

"మొదలుపెట్టిన చోటే ఆపుతా, భయ్యా. ఆఖరి మ్యాచ్ అయ్యాక నా కాళ్ళ మీద నేను నడిచి బయటికొస్తా. అది చాలు" అన్నాడు. నాకు భలే సంతోషం వేసింది.

ఆ తర్వాతి వారమే ప్రాక్టీసు అయ్యాక ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులతో తన బూట్లు నాకు అందించాడు. ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చాడు. నా ఛాతీ ఉప్పొంగిపోయింది. ఎట్టకేలకు నా చేతి విలువ తెలిసిందనుకున్నాను. రూమ్‌కి వెళ్ళి మా టీమ్ బస్ డ్రైవర్‌తో గొప్పలు పోయాను. అతను కడపవాడు, నాకంటే పెద్దవాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఒరే అబ్బీ, ఆయప్ప బస్సు దిగేది చూసినావా?"

"ఏం, ఎలా దిగుతున్నాడు?"

"పక్కకు తిరిగి దిగుతాండాడు. ముసలోళ్ళు దిగినట్టు. నాకేమో బాగనిపించలేదప్పా."

"నీకన్నీ వంకరే కనిపిస్తాయి" అని కసిరాను. కానీ మర్నాటి నుంచి నా కళ్ళు ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి. గ్రౌండ్‌లోకి అడుగుపెట్టేముందు వంగి గడ్డి తాకడం ఆయన అలవాటు. ఇప్పుడు తల మాత్రం వంచుతున్నాడు. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చోవడం లేదు. ఎడమ మేజోడు అందరికంటే ముందే, గోడవైపు తిరిగి వేసుకుంటున్నాడు. బూట్లు నాకెందుకిచ్చాడో అప్పుడు తెలిసింది. గౌరవమూ కాదు, నా బొందా కాదు. కూర్చోలేక ఇచ్చాడు.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం కిట్ రూమ్‌లోకి వచ్చి తలుపు వేశాడు. ఎడమ మేజోడు దించి మడమ చూపించాడు. మడమ వెనక నరం మామూలుగా వేలంత ఉంటుంది. అది రెండు వేళ్ళ లావు ఉబ్బి, ముట్టుకుంటే కాలుతోంది.

"బూటు అంచు ఇక్కడ ఒత్తుకుంటోంది. కొంచెం కోసెయ్యి, భయ్యా. నువ్వు బాగా చేస్తావు."

"ఫిజియోకి చూపించు కెప్టెన్" అన్నాను.

"చూపిస్తే రిపోర్టులో రాస్తాడు. మా ఊరికి అదే రిపోర్టు వెళ్తుంది. ఖల్లాస్." చేత్తో గాలిని కోసి చూపించాడు. "ఇంకో నాలుగు మ్యాచ్‌లు. అంతే."

ఆ కాలు ఆడే కాలు కాదని తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. నాకు తెలుసు. తెలిసీ మా నాన్న కత్తి తీశాను. నువ్వు బాగా చేస్తావన్న ఆ ఒక్క ముక్క కోసం ఎన్నాళ్ళుగా కాచుక్కూర్చున్నానో! అంచును నెలవంకలా కోసి, లోపల మెత్తటి తోలు పెట్టి, కుట్టు కనపడకుండా కుట్టాను. తొడుక్కుని నాలుగడుగులు వేసి నవ్వాడు. పనితనం అంటే అదీ, అని నా భుజం నేనే తట్టుకున్నాను. సిగ్గులేకపోతే సరి.

రెండు మ్యాచ్‌లు గడిచాయి. మూడోదానికి ముందు మా ట్యునీషియా ఫిజియో ఆ బూటు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది ఎందుకు కోశారు?" అని నన్నడిగాడు.

"కొత్త బూటు. కరుస్తోందన్నాడు" అన్నాను. ఫిజియో నా ముఖంలోకి చూసి బూటు కిందపెట్టాడు. ఆ ఒక్క నిమిషంలో నిజం చెప్పి ఉంటే నాలుగు నెలలు విశ్రాంతి తీసుకుని ఆ కాలు బాగుపడేదేమో. మంచు ఊరు దక్కేది కాదు, అంతే.

మూడో మ్యాచ్ బహ్లాలో. తీరం వదిలి లోపలికి వెళ్ళేకొద్దీ గాలి పొడిబారి ముక్కులు మండాయి. గ్రౌండ్ అంచున మునివేళ్ళతో తట్టి చూశాను. నేల రాయిలా ఉంది. బస్సు దిగుతూ కెప్టెన్ రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. డ్రైవర్ నావైపు చూసి, "ఈ పొద్దు ఆయప్పను ఆడనీకు అబ్బీ" అన్నాడు. వినపడనట్టు జెర్సీల సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాను.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. ఇరవై నిమిషాలు ఎంత బాగా ఆడాడో! నా భయమంతా ఉత్తదే అనుకోబోతున్నాను. మా గోల్‌కీపర్ బంతి ఆయనవైపు వేశాడు. అలవాటు ప్రకారం రెండుసార్లు వెనక్కి చూశాడు. ఖాళీ. ఎడమ కాలు ఊని ముందుకు కదలబోయాడు.

నీళ్ళ సీసాలతో గీత పక్కనే నిలబడ్డాను కాబట్టి ఆ చప్పుడు నాకు వినిపించింది. మైనం పట్టించిన దారం మా నాన్న మరీ గట్టిగా లాగితే టప్పున తెగేది. అదే చప్పుడు. ఆయన వెంటనే పడిపోలేదు. తనను తన్నిందెవడా అని కోపంగా వెనక్కి తిరిగాడు. పదిగజాల మేర ఎవరూ లేరు. మళ్ళీ అటూ ఇటూ వెతికాడు. అప్పుడు మెల్లగా నేలమీద కూలబడ్డాడు.

ఫిజియో వెనకే పరిగెత్తాను. "భయ్యా, ఎవరు తన్నారు?" అని కెప్టెన్ నన్నడిగాడు.

"ఎవరూ తన్నలేదు, కెప్టెన్."

ఆయన తన బూటు వైపు చూసుకున్నాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఫిజియో పిక్క నొక్కి చూశాడు. పాదం కదలలేదు, మడమ నరం తెగిపోయింది. నావైపు ఒక్కసారి చూసి మంచుగడ్డలు తేవడానికి వెళ్ళిపోయాడు. కెప్టెన్ ఫోన్ తీసి తన ఊరికి చేశాడు. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా చేశాడు. కూర్చున్నచోటే తల వంచుతూ, మళ్ళీ వంచుతూ, నాలుగే మాటలు మాట్లాడాడు. ఆ భాష నాకు రాదు. రావలసిన అవసరమూ లేకపోయింది.

ఏం చేయాలో తోచక ఆయన బూట్లు తీసి తుడవబోయాను. ఆయన రెండు చేతులూ చాపాడు.

"నా పని, భయ్యా."

ఇచ్చేశాను. బల్లమీద కాలు చాపుకుని కుడి బూటు తుడిచాడు, తర్వాత ఎడమది. నేను కోసిన చోటికి వచ్చేసరికి బ్రష్ పక్కన పెట్టి, బొటనవేలితో ఆ కుట్టు పొడవునా తడిమాడు.

"చాలా బాగా చేశావు" అన్నాడు.

మనస్ఫూర్తిగానే అన్నాడు. అందులో వెటకారం పిసరంత ఉన్నా బతికిపోయేవాణ్ణి. బయటికొచ్చి బస్సు చాటున నిలబడి ఏడ్చాను.