లెక్క తప్పిన పోస్టర్

బీబీఏ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. అందుకే వరంగల్ మండిబజార్‌లో మా మేనమామ సైకిల్ దుకాణానికి గిరాకీ పడిపోయిందనీ, షట్టర్‌ను సెల్‌ఫోన్లు అమ్మేవాళ్ళెవరికో కిరాయికిచ్చే ఆలోచనలో ఉన్నాడనీ అమ్మ చెప్పగానే, "మామకు పబ్లిసిటీ తెలువదు, గంతే" అని తేల్చేసి, మర్నాడు పొద్దున్నే ఒక నోటుబుక్కు, రెండు స్కెచ్ పెన్నులతో దుకాణంలో దిగిపోయాను. మామ మాటలు పొదుపుగా వాడే మనిషి. సైకిల్ అమ్మేటప్పుడు కూడా బెల్లు ఒకసారి మోగించి చూపేవాడు, అదే ఆయన ఉపన్యాసం. నేను చెప్పిందంతా విని, "సదువుకున్న పిల్లవు, నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. ఆ మాటను నేను సర్వాధికారాలతో కూడిన అపాయింట్‌మెంట్ ఆర్డరుగా తీసుకున్నాను.

మొదటి ఐడియా, ఒక ఎర్ర సైకిల్‌ను దుకాణం పైన తాళ్ళతో వేలాడదీయడం. దూరం నుంచే జనం చూస్తారని నా ఆశ. జనం కంటే ముందు కోతులు చూశాయి. మూడు రోజులు సీటు మీదొకటి, హ్యాండిల్ మీదొకటి, వెనక క్యారియర్ మీద పిల్లతో సహా తల్లి ఒకటి కూర్చుని ఊగుతుంటే, అరటిపండ్ల సంచులు పట్టుకున్నవాళ్ళంతా రోడ్డు అవతలి పక్క నుంచి పోయేవాళ్ళు. రెండో ఐడియా రీలు. మామ దగ్గర ఏండ్ల తరబడి మెకానిక్‌గా ఉన్న చాచాను గేర్ల సైకిల్ పక్కన నిలబెట్టి, దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నాను. చాచాకు అబద్ధం చెప్పడం చేతకాదు. కెమెరాలోకి సూటిగా చూస్తూ, "చూడనీకి మస్తుగుంటది. రెండు నెలలకు గేర్లు సతాయిస్తయి. మళ్ళ నా దగ్గరికే రావాలె" అన్నాడు. (రీలు బాగానే నడిచింది. ఆ సైకిలే ఎవరూ కొనలేదు.)

మూడో ఐడియా నిజానికి మంచిదే. ఒక ఆదివారం ఎవరు పాత సైకిల్ తెచ్చినా ఉచితంగా సర్వీసింగ్ చేసి పంపడం. మామకు కూడా నచ్చింది. ఎంత నచ్చిందంటే, పోస్టర్ మీద రాయాల్సిన మాట ఆయనే చెప్పాడు: "పాత సైకిల్ తెండి, కొత్తదాని లెక్క తీస్కపోండి." మా దిక్కు 'లెక్క' అంటే 'లాగా' అని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ నేను పట్టభద్రురాలిని కదా! 'లెక్క' అని కనపడితే జనం డబ్బు లెక్కలనుకుని భయపడతారనీ, పైగా అక్షరాలు చిన్నవైపోతున్నాయనీ ఆ ఒక్క మాటను కొట్టేశాను. 'కొత్తదాని' అన్నది ఒంటరిగా బాగోలేదని దాన్ని 'కొత్తది' చేశాను. "పాత సైకిల్ తెండి, కొత్తది తీస్కపోండి." ఎంత పొట్టిగా, ఎంత ముద్దుగా కుదిరిందని మురిసిపోయి, మామకు చూపించకుండానే అచ్చేయించాను. ఎనుమాముల మార్కెట్ దారిలో అంటించాను. వాట్సాప్‌లో తెలిసిన ప్రతి గ్రూపులో పెట్టాను. జవాబుగా వచ్చిన దండాల బొమ్మలు చూసి, నా భాషకు పెడుతున్నారనుకున్నాను.

ఆదివారం తొమ్మిదింటికి మామా నేనూ దుకాణం చేరేసరికి వరుస మూలమలుపు దాటి పోయింది. తుప్పుపట్టిన సైకిళ్ళు, సీటు లేనివి, చైను లేనివి. ఒకాయన మనవడి మూడు చక్రాల బండి తెచ్చాడు. ఒకావిడ ఇంట్లో నిలబడ్డచోటే తొక్కే వ్యాయామం సైకిల్‌ను ఆటోలో వేసుకొచ్చింది. మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు పదిమంది, తమ సైకిళ్ళన్నీ ఒక ట్రాలీలో గుట్టగా పోసుకొచ్చారు. అందరికంటే ముందు, తలకు తెల్లటి పట్కా చుట్టుకున్న ఒక తాత, చక్రాలే లేని సైకిల్ చట్రాన్ని భుజాన వేసుకుని నిలబడ్డాడు. కేసముద్రం దిక్కు నుంచి పొద్దున ప్యాసింజర్ రైల్లో దిగాడట.

"ఎర్రది కావాలె నాకు," అన్నాడు తాత, షట్టర్ లేవగానే.

మామ నా దిక్కు చూశాడు. నేను పోస్టర్ దిక్కు చూశాను. అచ్చయ్యాక మొదటిసారి దాన్ని ఇంకొకరి కళ్ళతో చదివాను. చప్పుడు చేయకుండా వెళ్ళి టైర్ల గుట్ట వెనక కూర్చున్నాను. (పట్టభద్రులకు టైర్ల వెనక కూడా బాగానే చోటు సరిపోతుంది.)

అక్కడి నుంచి అన్నీ వినపడుతున్నాయి. మామ గొంతు సవరించుకుని, కొత్త సైకిళ్ళు ఇవ్వడం లేదని, రిపేరు మాత్రమేనని చెప్పాడు. గుంపు ఒక్కసారిగా గోల పెట్టింది. హమాలీల పెద్ద ముందుకొచ్చి పోస్టర్ మీద వేలుపెట్టాడు. "సేటూ, మీరు రాసింది తప్పా, మేం సదివింది తప్పా? ఇయ్యాల పని ఇడిసిపెట్టి వచ్చినం."

"నేను రాసిందే తప్పు," అన్నాడు మామ. "నన్నేమన్న అనుండ్రి."

ఆ మాట విన్నాక నాకు టైర్ల వెనక కూర్చోబుద్ధి కాలేదు. జీవితంలో ఎవరితోనూ మాట పడని మనిషి, నా కోసం నడిబజార్లో తలవంచుకు నిలబడ్డాడు. లేచి బయటికొచ్చాను. చున్నీ నిండా నల్లటి మసి. "మామ కాదు. నేను రాసిన. 'కొత్తదాని లెక్క' అని మామ చెప్తే, 'లెక్క' అన్నది నేనే తీసేసిన," అన్నాను. ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. చెబుతుంటే అది ఎంత తెలివితక్కువ పనో నాకే వినపడుతోంది.

పట్కా తాత చట్రాన్ని కింద దించి, నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే బిడ్డా, ఒక్క 'లెక్క' ముచ్చట్ల నేను రైలెక్కి వచ్చిన్నా?"

"అవును తాతా."

తాత ముఖం మొదట ముడుచుకుంది. తర్వాత భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. ఆ నవ్వు హమాలీలకు అంటుకుంది, వరుస వెంట మలుపు దాకా పోయింది. విషయం తెలియని చివరివాళ్ళు కూడా నవ్వారు. "సరే తీ," అన్నాడు తాత కండ్లు తుడుచుకుంటూ, "కొత్తదిచ్చినా నాకు కాళ్ళందయి. గీ సీటు ఎత్తు నా కాళ్ళకెరుక. దీనికే రెండు చక్రాలేసియ్యుండ్రి. చక్రాల పైసలు నేనే ఇస్త."

చాచా అప్పటికే స్పానర్ పట్టుకుని కింద కూర్చున్నాడు. "జర జరగుండ్రి, ఎల్తురు రానియ్యుండ్రి," అని తాత సైకిల్‌తోనే మొదలుపెట్టాడు. హమాలీల పెద్ద మరో మాట లేకుండా చొక్కా చేతులు పైకి మడిచి, వచ్చిన సైకిళ్ళను వరుసలో నిలబెట్టించాడు. ఇంటి నుంచి అత్త పెద్ద గంజు గిన్నె నిండా చాయ్ చేసి పంపింది. నాకు నూనె డబ్బా ఇచ్చి, చైన్లకు చుక్కలు వేసే ఉద్యోగం అప్పగించారు. (డిగ్రీకి తగ్గ ఉద్యోగం నాకు దొరికింది ఆ ఒక్కరోజే.) తాతను చూసి మిగతావాళ్ళూ సామాను పైసలిచ్చేసరికి, మధ్యాహ్నానికి దుకాణంలో టైర్లూ ట్యూబులూ ఖాళీ. సాయంత్రం తాత రెండు కొత్త చక్రాల మీద రైల్వేస్టేషన్ దిక్కు తొక్కుకుంటూ పోతుంటే, నాకు పరీక్ష హాల్లోంచి బయటపడ్డంత హాయిగా అనిపించింది.

ఆ వారంలోనే మామ సెల్‌ఫోన్ల వాళ్ళకు షట్టర్ ఇవ్వనని చెప్పేశాడు. ఆ రోజు వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ రిపేర్లకు రావడం మొదలుపెట్టారు. నన్నెవరూ ఒక్క మాటా అనలేదు. మామయితే, "నువ్వు అచ్చేయించే ముందు ఒక్కసారి సూపియ్యి బిడ్డా" అని మాత్రం అన్నాడు. ఆయన లెక్కలో అది పెద్ద తిట్టే.

అసలు సంగతి ఒకటి నేనప్పుడు ఎవరికీ చెప్పలేదు. అన్ని ఐడియాలిచ్చిన నాకు సైకిల్ తొక్కడం రాదు. అది చాచా ఎట్లా పసిగట్టాడో గానీ, తర్వాతి ఆదివారం నన్ను ఖిలా వరంగల్ దగ్గరి ఖాళీ జాగాకు తీసుకుపోయి నేర్పించాడు. ఇప్పుడు ముప్పై ఏళ్ళకు దగ్గరపడుతున్నాను, హన్మకొండలో ఆఫీసుకు సైకిల్ మీదనే పోతాను. కాకపోతే కుడికి తిరగాల్సి వస్తే దిగి, సైకిల్‌ను చేత్తో తిప్పుకుని, మళ్ళీ ఎక్కుతాను. పక్కనుంచి పోయే పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.