అంకె మాత్రమే రాసిన గిన్నెలు

మా గీతలక్క పంతొమ్మిదేళ్ళు చేసిన పని ఒకటే. ఎలుకపిల్లల మెదడులోంచి తీసి గాజుగిన్నెల్లో పెంచిన కణాలను మైక్రోస్కోపులో చూస్తూ, వాటికి మొలిచిన కొమ్మలను పెన్సిలుతో కాగితం మీద గీయడం. పక్క గదిలో గాజుసామాను కడిగే నాకు ఆమె అంటే గౌరవమే. కానీ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సగం గిన్నెల్లో సెరటోనిన్ అనే మెదడు రసాయనం వేస్తారు, సగంలో వేయరు. ఏది ఏదో అక్కకు చెప్పరు. గిన్నె మీద అంకె మాత్రమే ఉంటుంది. తెలిస్తే పెన్సిలు అటే మొగ్గుతుందని మా ల్యాబు నడిపే మేడమ్ పెట్టిన నియమం. అక్క మాత్రం తనంతట తానే తేల్చేసుకుంది: కొమ్మలు గుబురుగా ఉన్నవి మామూలువి, ఎదగక మోడుల్లా మిగిలినవి సెరటోనిన్ పడినవి. "మందు పోశాక ఏది ఎదుగుతుందే?" అనేది నాతో. నేనూ తలూపాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆమె కూతురు అప్పుడు నాలుగో నెల కడుపుతో ఉంది. అంతకు రెండేళ్ళ ముందు నుంచీ డిప్రెషన్‌కు మాత్రలు వేసుకుంటోంది, వాటితోనే మనిషి లేచి తిరుగుతోంది. మాత్రల పెట్టెలో మడిచిపెట్టిన కాగితంలో సెరటోనిన్ అన్న మాట అక్క కంటపడింది.

"ఆపెయ్యి," అంది అక్క.

"డాక్టర్ని అడిగి చూస్తానమ్మా."

"డాక్టరు పుస్తకంలో చదివాడు. నేను రోజూ కళ్ళారా చూస్తున్నాను. బిడ్డ మెదడు మోడైపోతుంది."

అంత మాట విన్నాక ఏ తల్లికి మాత్ర గొంతు దిగుతుంది? ఆపేసింది. ఆరో నెలకల్లా మంచం దిగడం మానేసింది. ఏడో నెలలో ప్రాణం తీసుకోబోతే భర్త సమయానికి చూశాడు. ఆసుపత్రిలో చేర్చి మళ్ళీ మందులు మొదలుపెట్టారు. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది, పిడికెడంత.

అప్పుడు వెళ్ళింది అక్క మేడమ్ దగ్గరికి. నేనూ వెంట ఉన్నాను. మేడమ్ బీరువాలోంచి అంకెల పట్టిక తీసి బల్ల మీద పరిచింది. అక్క వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పోయింది. గుబురుగా ఎదిగినవి సెరటోనిన్ కాస్త వేసినవి. మోడులు, అసలు వేయనివి.

"అయితే ఆ మాత్రలు మంచివేనా మేడమ్?"

"అది కూడా ఈ కాగితం చెప్పదు. మోతాదు మారితే ఇవే కణాలు ముడుచుకుంటాయి. గిన్నెలో కణం వేరు, కడుపులో బిడ్డ వేరు. నన్ను అడిగినా డాక్టర్నే అడగమనేదాన్ని."

ఆ సాయంత్రమే అక్క ఆసుపత్రికి వెళ్ళి కూతురికి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచలేదు, ఆ ఒక్కదానికి మెచ్చుకోవాలి. కూతురు గాజుపెట్టెలో ఉన్న బిడ్డను చూస్తూనే వింది.

"ఏ గిన్నెలో ఏముందో నీకు తెలీదని నీకు తెలుసు కదమ్మా," అంది. "నాకు తెలీదే అని ఒక్క మాట అనుంటే నేను డాక్టరు దగ్గరికి వెళ్ళేదాన్ని."

బిడ్డకిప్పుడు మూడేళ్ళు. గలగలా మాట్లాడుతుందని అల్లుడు అక్కకు ఫోన్లో చెప్పాడు. ఆ గొంతు అక్క ఇంతవరకూ వినలేదు.