హెస్టర్ గాలప్ దాచిన ముడులు

ఇంగ్లండులో చేతితొడుగులకి పేరుపడ్డ మా యోవిల్‌లో ఆడపిల్లకి అక్షరాల కంటే ముందు సూది వస్తుంది. హెస్టర్ గాలప్ పద్నాలుగో ఏట తోలు చేతితొడుగులు కుట్టడం మొదలుపెట్టింది. నలభై ఐదో ఏట ఆ కంపెనీ మూతపడింది. మొగుడు పోయాడు, తల్లి మంచాన ఉంది. దాంతో ఆవిడ ఊరి చివర విమానాల కర్మాగారంలో, రెక్కలకి గుడ్డ కుట్టే బల్ల ముందు కూర్చుంది. ఆ రోజుల్లో విమానం రెక్కంటే చట్రానికి బిగించి కుట్టిన గుడ్డే.

ఆ విమానం పేరు వాపిటి. పైనొక రెక్క, కిందొక రెక్క. బాంబులు వెయ్యడం, ఫొటోలు తియ్యడం, ఎడారిలో ఉత్తరాలు మొయ్యడం, అన్నీ దాని నెత్తినే. ఉమ్మడి సంసారంలో పెద్దకోడలి లాంటిది.

హెస్టర్ కుట్టిన మొదటి రెక్కని తనిఖీ అధికారి పిట్‌మన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"ఒకచోట దారం తెగినా పక్క కుట్టు జారకుండా మూడంగుళాలకొక ముడి ఉండాలి. ఏవమ్మా?"

"ఉన్నాయండీ."

"నాకు కనబడవేం?"

"కనబడితే చేతికి గుచ్చుకోవూ?"

"ఇది చెయ్యి కాదు, రెక్క. కనబడని ముడి లేనట్టే. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ముడిని మడత లోపల దాచడమే ముప్పై ఏళ్లుగా ఆవిడ నేర్చిన మర్యాద. మేస్త్రీ డిబుల్ గొణిగాడు: "వదిలెయ్, హెస్టర్. ఆయనతో వాదించడం గడియారంతో వాదించడమే."

హెస్టర్ కత్తెర తీసి పిట్‌మన్ చేతిలో పెట్టింది. "మీ ఇష్టమొచ్చిన చోట కత్తిరించండి. పక్క కుట్టు జారితే నేనే పోతా."

ఆయన నాలుగు చోట్ల దారం కత్తిరించాడు. బల్లకి కాలు తన్నిపట్టి మరీ గుడ్డని లాగాడు. పక్క కుట్టు ఒక్కటీ జారలేదు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"గట్టిదే. ఒప్పుకుంటా. కానీ ఎక్కడో ఎడారిలో దీన్ని బాగుచేసేవాడికి ముడి ఎక్కడుందో తెలియాలిగా? నిన్ను పిలిచి అడగలేడుగా పాపం."

హెస్టర్ కత్తెర వెనక్కి తీసుకుంది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని రెక్కంతా విప్పడం మొదలుపెట్టింది.

రెండు రోజుల్లో మళ్లీ కుట్టింది. ఈసారి ముడులు బఠాణీ గింజలంత.

"ఇంతింత అక్కర్లేదమ్మా."

"మీకు కనబడాలిగా."

రెక్క వెళ్లింది, హెస్టర్ ఉండిపోయింది. వాపిటిలు ఆగిపోయాక వచ్చిన విమానాలకీ ఆవిడే కుట్టింది. తాను మాత్రం ఒక్కదాన్లోనూ ఎక్కలేదు. గుడ్డ ఎంత పల్చనో ఆవిడకి తెలుసు.

ఆ మొదటి రెక్క కుట్టిన ఏడాది క్రిస్మస్‌కి పిట్‌మన్‌కి ఒక జత చేతితొడుగులు కుట్టి ఇచ్చింది. ఆయన వాటిని కిటికీ దగ్గర తిరగేసి మరగేసి అరగంట వెతికాడట. ఒక్క ముడీ దొరకలేదు. అయినా రేపట్నుంచి రావద్దనలేదు.