దర్జీ బల్ల మీద తాబేలు

ఆవిడ స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. భోజనం మధ్యలో మూడుసార్లు లేస్తుందని భర్త ఎక్కడికెళ్ళినా చెప్తాడు. కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టిందని వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. పశువైద్యం చదివిన తోటివాళ్ళంతా కుక్కలూ పిల్లుల దగ్గర స్థిరపడితే, ఈవిడ మాత్రం చేపలు, తాబేళ్ళు, బల్లుల వెంట పడింది. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: కుక్క మన దగ్గరికి నడిచొస్తుంది, చేప రాదు కదా, మనమే పోవాలి. అలా పోతూ ఉండొచ్చనే ఆ చదువు చదివిందేమోనని భర్తకి ఇప్పటికీ అనుమానం.

ఊళ్ళో అందరూ చేపల డాక్టరమ్మ అంటారు. కారు వెనక సీటు చూస్తే అది కారో కొట్టో చెప్పలేం. బకెట్లు, సన్న గొట్టాలు, నీళ్ళలోకి గాలి కొట్టే బుల్లి మోటార్లు, పాముల్ని వేసుకోవడానికి దిండు గలీబులు. ముందు సీట్లో రెండు ఫోన్లు. రెండూ ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి.

ఆ చలికాలం ఉదయం ఆసుపత్రి తలుపు తీసేసరికే మెట్ల మీద, బజారులో కొట్టున్న ముసలి దర్జీ ఒకాయన అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టెలో తాబేలు. అది ఆయనది కాదు, వాళ్ళక్కది. మనవరాలి పురుడని రెండు నెలలు ఊరెళ్తూ తమ్ముడికి అప్పగించింది. అక్కాతమ్ముళ్ళిద్దరి కన్నా వయసులో అదే పెద్దది కాబట్టి ఇంట్లో దాన్ని పెద్దాయన అంటారు. వారంగా తిండి మానేసిందని, నిన్నటి నుంచీ అసలు కదలడం లేదని దర్జీ చెప్పాడు. గూట్లో బల్బు మాడిపోతే కొత్తది వేశానని, అది ఇంకా తెల్లగా వెలుగుతోందని, కరెంటు కూడా తక్కువ తాగుతుందని ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. డాక్టరమ్మకి అదంతా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

అప్పటికే ఆవిడ సగం బయట ఉంది. హోటల్ తోటలోని కొలనులో పెద్ద రంగుచేపకి పొట్ట కింద కణితి లేచింది, పది గంటలకల్లా వచ్చి కోస్తానని మాటిచ్చింది. ఒక చేత్తో తాళాలు వెతుక్కుంటూనే ఇంకో చేత్తో తాబేలు కాలు లాగి చూసింది. వదిలేస్తే గుడ్డపీలికలా వేలాడింది. కంటి మీద వేలు పెడితే రెప్ప పడలేదు. గుండె చప్పుడు వినిపించే చిన్న డబ్బా తీసి మెడ పక్కన ఆనించింది. అరనిమిషం విన్నా బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

"పోయిందండీ. వయసైపోయింది, మీరేం బాధపడకండి" అంది.

దర్జీ పెట్టె అట్టలు మూశాడు. కొట్టు వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడ పూడ్చుకోవచ్చా అని అడిగాడు. పూడ్చుకోవచ్చని చెప్పేసరికి ఆవిడ కారు దగ్గరుంది.

హోటల్లో తొట్టి నింపారు. చేపని వలతో పట్టి పక్క బకెట్లో ఉంచారు. మత్తుమందు కలిపే ముందు ఆవిడ అలవాటుగా నీళ్ళలో థర్మామీటర్ పెట్టింది. నీళ్ళ వేడి ఎంతో తెలియకుండా మందు చుక్క కూడా వెయ్యదు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొద్దున్న తాబేలుకి థర్మామీటర్ పెట్టలేదు.

ఏటా కాలేజీకి వెళ్ళి పిల్లలకి ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే. తాబేలు తన ఒంటిని తాను వెచ్చబెట్టుకోలేదు. బాగా చల్లబడితే గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది, ఊపిరి ఉందో లేదో తెలియదు. వెచ్చబెట్టాక కూడా లేవకపోతేనే చచ్చినట్టు. అంతవరకూ ఆ మాట నోట్లోంచి రాకూడదు. అప్పుడు గానీ దర్జీ చెప్పిన బల్బు సంగతి గుర్తు రాలేదు. తెల్లగా వెలిగే కొత్త బల్బు. వెలుతురే తప్ప వేడి లేని బల్బు.

సామాను సర్దుతుంటే హోటల్ మేనేజరు అడ్డమొచ్చాడు. ఇంతమందిని పోగేసి, చేపని పట్టించి, ఇప్పుడు వెళ్ళిపోతే ఎలాగని నిలదీశాడు.

"ఈ చేప రేపటికీ ఉంటుందండీ. ఇంకోటి ఉంటుందో ఉండదో తెలీదు" అని ఆవిడ నడుస్తూనే చెప్పింది.

దర్జీకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. రైలు గేటు దగ్గర కారు ఆగిపోతే, దిగి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటమ్మా, మీరు ప్రదక్షిణలు చేస్తే గేటు లేస్తుందా?" అన్నాడు. నవ్వు రాలేదు. ఇంకో జంతువైతే మట్టి కింద ఇట్టే ప్రాణం పోతుంది, అక్కడితో అయిపోతుంది. తాబేలు అలా కాదు. ఆ చలిలో, ఆ చీకట్లో, గంటలు గంటలు బతికే ఉంటుంది. ఆ సంగతి ఊళ్ళో అందరి కన్నా బాగా తెలిసింది తనకే.

కొట్టు ముందు ఆగకుండా నేరుగా వెనక్కి వెళ్ళింది. పచ్చి మట్టి గుట్ట, దాని మీద గునపం. దగ్గరికెళ్ళి చూస్తే గొయ్యి మోకాలి లోతు తవ్వి ఉంది. లోపల ఏమీ లేదు. అప్పుడు వినిపించింది కొట్టులోంచి మిషన్ చప్పుడు.

పెద్దాయన కత్తిరింపుల బల్ల మీద ఉన్నాడు. డొప్ప మీద కొలత టేపు. దర్జీ ఆవిణ్ణి చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఊరికే మట్టిలో పడేస్తే అక్క నన్ను బతకనివ్వదు. అందుకని లైనింగ్ గుడ్డతో సంచి కుడుతున్నా. ఇంతమందికి కోట్లు కుట్టాను గానీ ఈయన మెడ కొలత మాత్రం కుదిరి చావట్లేదమ్మా."

ఇంకోసారి చూస్తానని మాత్రం చెప్పింది డాక్టరమ్మ. ఈసారి థర్మామీటర్ పెట్టింది. తొమ్మిది డిగ్రీలు.

ఇక చెయ్యాల్సింది ఒక్కటే, కూర్చోవడం. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తల మునగకుండా ఉంచి, కాసేపటికోసారి కొంచెం కొంచెంగా వేడి పెంచాలి. తొందరపడి వేడినీళ్ళు పోస్తే ఉన్న ప్రాణం నిజంగానే పోతుంది. ఒకటీ రెండూ కాదు, గంటలు పడుతుంది. ఆవిడకి అంతకు మించిన శిక్ష లేదు. ఫోన్లు రెండూ కట్టేసింది. లేచింది, కూర్చుంది. గుండీల డబ్బా బోర్లించి రంగుల వారీగా ఏరింది. మళ్ళీ కలిపేసింది.

"డాక్టరమ్మా, కాళ్ళు ఊపకండి. బల్ల కదిలి నా కుట్టు వంకరపోతోంది" అన్నాడు దర్జీ. ఊరికే ఉండలేకపోతే ఇది చూడండంటూ ఒక కోటు ఒళ్ళో పడేసి, పైపైన వేసిన పొడుగు కుట్లు విప్పమన్నాడు. ఆవిడ విప్పింది. ఒక కోటు, రెండు కోట్లు. పదమూడు డిగ్రీలు. మూడో కోటు. పదహారు. ఆనించిన ప్రతిసారీ డబ్బాలోంచి అదే బుస్సు.

పంతొమ్మిది దగ్గర ఏదో కదిలినట్టు ఒక చప్పుడు. ఆవిడ నమ్మలేదు. పట్టుకున్న తన వేలి నాడే అందులో వినిపించి ఉండొచ్చు, అలా చాలాసార్లు మోసపోయింది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు సెకన్ల తర్వాత ఇంకోటి. తనదైతే ఆ పాటికి ఇరవైసార్లు కొట్టుకునేది.

మధ్యాహ్నం తిరిగాక పెద్దాయన ముందుకాలు పట్టి లాగితే, నెమ్మదిగా, ఇష్టం లేనట్టు, వెనక్కి లాక్కున్నాడు. దర్జీ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకోవడం మర్చిపోయి ఫోన్ కోసం బల్లంతా తడిమాడు. అక్కకి చెప్పాలి, చచ్చినదాన్ని ఈ మహాతల్లి బతికించిందని చెప్పాలి అంటున్నాడు.

ఊరుకుంటే ఊరంతా ఆ మాటే చెప్పుకుంటుంది. డాక్టరమ్మ ఒళ్ళోని కోటు పక్కన పెట్టింది.

"నేను బతికించలేదండీ. బతికున్నదాన్నే చచ్చిందన్నాను. పొద్దున్న ఇంకాస్తసేపు ఆగి చూసుంటే మీరు గొయ్యి తవ్వే పనే ఉండేది కాదు."

దర్జీ మొహంలో రంగు మారింది. మిషన్ మీదున్న సంచిని చూశాడు, వెనక తలుపులోంచి మట్టి గుట్టని చూశాడు. ఆవిడ ఎన్ని తిట్లకైనా సిద్ధపడి నిలబడింది. ఆయన అడిగింది మాత్రం వేరే. ఇది ఇలా ఎందుకైందని. ఆవిడ బల్బు సంగతి చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

కాసేపటికి తనే నంబరు నొక్కి, ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు.

"మీ వంతు మీరు చెప్పండి. నా వంతు తిట్లు నేను తర్వాత తింటాను."

అవతల ఫోన్ ఎత్తారు. వెనక పసిబిడ్డ ఏడుపు. ఏంట్రా ఈ వేళప్పుడు చేశావు అంటోంది అక్క. చేపల డాక్టరమ్మ ఎప్పట్లా లేచి తిరగకుండా, స్టూలు మీద కూర్చునే మాట్లాడింది.

"నేను డాక్టర్నండీ. మీ పెద్దాయన బాగానే ఉన్నాడు, ముందు అది వినండి. తర్వాత సంగతి కొంచెం పొడుగ్గా ఉంటుంది."